మూడు పుస్తకాలు, అమ్మమ్మ కునుకు

ఆ అమ్మాయికి పుట్టినప్పుడు పెట్టిన పేరు కాలేజీ రిజిస్టరులో భద్రంగా ఉంది. బయట ఎవరూ దాన్ని వాడరు. అందరికీ ఆమె ఎందుకమ్మ. మాటలు వచ్చిన నాటి నుంచి "ఆకలి" కన్నా "ఎందుకు" అన్నదే ఎక్కువ కాబట్టి, ఆ పేరు తగిలించిన అమ్మమ్మను తప్పుపట్టడానికి లేదు. చిన్నప్పుడు తాతయ్య గడియారాల దుకాణంలో కూర్చుని, ముల్లు ఎప్పుడూ ఒకే వైపుకు ఎందుకు తిరుగుతుందని అడిగింది. ఆయన చెప్పిన జవాబు నచ్చలేదు. ఆయన అటు తిరగగానే ఒక గోడగడియారాన్ని విప్పేసింది. లోపలున్న స్ప్రింగు ఒక్కసారిగా ఎగిరి ఎటో పోయింది. తాతయ్య కోప్పడలేదు. "విప్పడం వచ్చింది కదా, ఇక బిగించడం నేర్చుకో" అన్నారు. ఆ స్ప్రింగు ఈనాటికీ దొరకలేదు.

నర్సింగులో చేరిన రోజున, ఈ "ఎందుకు" అక్కడ బాగా పనికొస్తుందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. పనికి రావడం మాట దేవుడెరుగు, అదే కాలికి అడ్డం తగులుతోంది.

ఎందుకమ్మ పనిచేసే ఆడవాళ్ల వార్డులో ఒక పద్ధతి ఉంది. మందుల ట్రే పట్టుకుని మంచాల దగ్గరికి వెళ్లే భాగ్యం విద్యార్థులకు ఊరికే దక్కదు. వార్డుకు పెద్ద సిస్టర్ ఒకావిడ ఉన్నారు. ఆవిడ ట్రేలోంచి ఒక మందు తీసి విద్యార్థి చేతిలో పెడతారు. విద్యార్థి తన మందుల పుస్తకం తెరిచి, ఈ మందు ఫలానా మంచం మీది మనిషికి ఇచ్చే ముందు ఏం చూసుకోవాలో, ఇచ్చాక ఏం గమనించాలో చెప్పాలి. కంఠతా రానక్కర్లేదు. "కంఠస్థాన్ని నేను నమ్మను. చూసి చెప్పు" అంటారావిడ. చూసి చెప్పడమే కదా, చంటిపిల్లలు కూడా చెప్తారు అనిపిస్తుంది వినేవాళ్లకి. తంటా అంతా ఆ చూడటంలోనే ఉంది.

మొదటిసారి ఎందుకమ్మ లైబ్రరీలోని లావుపాటి పుస్తకం పట్టుకెళ్లింది. అది ఒంట్లో చేరిన నీటిని తీసేసే బిళ్ల. పుస్తకం తెరవగానే ఆ మందు మూత్రపిండంలో ఏ మలుపు దగ్గర పనిచేస్తుందో బొమ్మతో సహా కనబడింది. ఇంకేముంది, పిల్ల ఆ మలుపులోకి దిగిపోయింది. "ఇచ్చే ముందు ఏం చూడాలి?" అని సిస్టర్ రెండుసార్లు అడిగారు. ఎందుకమ్మ తల ఎత్తేసరికి ఆ బిళ్ల వేసేసి, నీళ్లు తాగించి, పక్క మంచానికి కూడా వెళ్లిపోయారు.

రెండోసారి తోటి విద్యార్థిని దగ్గర అరచేతిలో ఇమిడే పుస్తకం అరువు తీసుకుంది. ఆ తోటి పిల్లను అందరూ తొందర అంటారు. ఎందుకంటారో ఆమె మెట్లు దిగేది చూస్తే తెలుస్తుంది. చిన్న పుస్తకంలో మందు పేరు ఇట్టే దొరికింది. కానీ దాని పక్కన అన్నీ పొట్టి అక్షరాలు, నక్షత్రాలు, బాణాలు. ఏ గుర్తుకు ఏ అర్థమో ఆఖరి పేజీలో ఉంది. ఎందుకమ్మ ఆ పేజీకీ ఈ పేజీకీ మధ్య తిరిగి తిరిగి అలిసిపోయింది. సిస్టర్ గొంతు పెంచే మనిషి కాదు. పెంచితే బాగుండుననిపించేంత మెల్లగా, "మూడోసారి సోమవారం. అప్పుడూ ఇంతే అయితే వచ్చే టర్ము దాకా దుప్పట్లే" అన్నారు.

దుప్పట్లు మార్చడం తక్కువ పనేం కాదు. పక్క ముడత పడితే పడుకున్నవాళ్ల ఒళ్లు పుండు పడుతుంది, ఆ సంగతి ఎందుకమ్మకు బాగా తెలుసు. అయినా ఆమె మనసంతా ఆ ట్రే మీదే ఉంది. ఒక చిన్న బిళ్ల ఒక మనిషి లోపలికి వెళ్లి ఏం చేస్తుందో పక్కనే నిలబడి చూడటం కన్నా ఆసక్తికరమైన పని ఈ భూమ్మీద ఇంకొకటి ఉంటుందని ఆమె అనుకోలేదు.

సరిగ్గా అప్పుడే కాలేజీవాళ్లు ఒక చీటీ అంటించారు. ఒక్కో విద్యార్థికి ఒక మందుల పుస్తకం కాలేజీయే తెప్పించి ఇస్తుంది. లైబ్రరీలో మూడు రకాలు నమూనాకి పెట్టారు. చూసుకుని, సోమవారంలోగా ఏది కావాలో పేరుకెదురుగా రాయాలి. ఒకసారి రాస్తే చదువు అయ్యేదాకా అదే పుస్తకం. ఇక చూడండి, ఎక్కడ చూసినా అదే చర్చ. లావుది ఇటుకలా ఉంటుంది, దొంగ వస్తే విసరొచ్చు అన్నారు కొందరు. జేబు పుస్తకమే నయం, నడుం నొప్పి రాదు అంది తొందర. అసలు పుస్తకాలెందుకు, ఫోనులో చూసుకోవచ్చు కదా అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. ఫోను వార్డులోకి రానివ్వరు. నర్సు ఫోను చూస్తుంటే, ఆమె తన మందు చూస్తోందని ఏ రోగీ అనుకోడు, పెళ్లి ఫొటోలు చూస్తోందనే అనుకుంటాడు. ఇక మూడోది, తీగతో కుట్టిన మధ్యరకం పుస్తకం. దాన్ని ఎవరూ పొగడలేదు, తిట్టనూ లేదు.

ఎందుకమ్మ మూడింటినీ తిరగేసింది. తిరగేసిన కొద్దీ మూడూ గొప్పగానే ఉన్నాయి. తల ప్రాణం తోకకొచ్చి, చివరికి సిస్టర్‌నే అడిగింది.

"సిస్టర్, వీటిలో ఏది తీసుకోమంటారు?"

సిస్టర్ కొత్తగా వచ్చిన మందుల పెట్టె సర్దుతూనే, "ఎలా పరీక్షించావు?" అన్నారు.

"పేరు కూడా వినని మందులు తీసి చూశాను సిస్టర్. మూడూ బాగానే చెప్పాయి."

"నీకు తెలియని దాని గురించి ఎవరేం చెప్పినా బాగానే ఉంటుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. మీ ఇంట్లో రోజూ మందులు వేసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"అమ్మమ్మ ఉంది."

"అయితే ఆవిడ మందులతో చూడు. ఆవిడ గురించి నీకు తెలిసినంత ఆ పుస్తకానికి తెలుసా, లేదా అని చూడు. అప్పుడొచ్చి మాట్లాడు."

లైబ్రరీ ఆవిడను బతిమాలుకుని, మూడు నమూనా పుస్తకాలూ సంచిలో వేసుకుని, శనివారం సాయంత్రం ఎందుకమ్మ ఇంటికి చేరింది. లావుదాని బరువుకి సంచి పిడి ఒకటి తెగింది.

ఇల్లంటే అమ్మమ్మ, తాతయ్య, తను. అమ్మ ఉద్యోగం దూరంలో, కాలేజీ దగ్గరలో కాబట్టి ఎందుకమ్మ మకాం ఇక్కడే. కిందంతా ఒకటే పొడుగాటి గది. వీధి వైపు కిటికీ కింద తాతయ్య పనిబల్ల, గోడ వారగా అమ్మమ్మ మంచం, లోపలి కొసన పొయ్యి. దుకాణం మూసేశాక తాతయ్య తన సరంజామా అంతా ఇంటికే తెచ్చుకున్నారు. పెద్దాయన చేతికి ఇంకా వణుకు రాలేదు. చుట్టుపక్కలవాళ్లు ఆగిపోయిన చేతిగడియారాలు ఇచ్చిపోతూనే ఉంటారు.

ఆ ఇంట్లో పొద్దున పని ఒక వరసలో సాగుతుంది. ముందు టీ. తర్వాత అమ్మమ్మ ఫలహారం. ఆ తర్వాత అమ్మమ్మ రక్తపోటు బిళ్ల. ఆవిడకు బిళ్ల మింగడమంటే చావుకొచ్చినంత పని. ఒకసారి గొంతుకు అడ్డం పడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటి నుంచి తాతయ్యే ఆ బాధ్యత తీసుకున్నారు. బిళ్లను చెంచాలో పెట్టి, దాని మీద ఇంకో చెంచా బోర్లించి నొక్కి, గడియారం పళ్లచక్రాలకు చమురు వేసే మనిషి ఓపికతో దాన్ని మెత్తటి పొడి చేస్తారు. రేణువు కూడా కింద పడనివ్వరు. ఆ పొడిలో తేనె రంగరించి, "ఊఁ, నోరు తెరువు" అంటారు. ఆవిడ విసుక్కుంటూ తెరుస్తుంది. ఆ విసుగు ఉత్తుత్తిదని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత వచ్చేది అమ్మమ్మ కునుకు. బిళ్ల వేసుకున్న కాసేపటికి ఆవిడకు కళ్లు బరువెక్కుతాయి. లేచి నిలబడితే తూలుతుంది. అందుకని మంచం మీద వాలిపోతుంది. తాతయ్య తన పనిబల్ల దగ్గరి స్టూలు తెచ్చుకుని పక్కనే కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని గడియారాలు బాగుచేసుకుంటారు. కునుకు వేళ ఇంటికి ఎవరొచ్చినా గుసగుసగానే మాట్లాడాలి. "మా అమ్మమ్మ కునుకు" అని ఎందుకమ్మ కాలేజీలో కూడా చెప్పుకుని నవ్వేది. పెద్దవయసు, పొద్దున్నే నిద్ర లేచే అలవాటు, పడుకోదూ మరి! సాయంత్రం అయ్యేసరికి మాత్రం ఆవిడకు తలనొప్పి పట్టుకుంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేది కూడా సాయంత్రాలే. పోయిన నెల చూసి, పోటు ఇంకా ఎక్కువగానే ఉందని ఆయన బిళ్ల మోతాదు పెంచారు. దానితోపాటు కునుకూ పెరిగింది.

ఆదివారం పొద్దున టీ గ్లాసులు కడిగేసి, ఎందుకమ్మ బల్ల మీద మూడు పుస్తకాలూ పరిచింది. అమ్మమ్మ మందుల డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. అప్పటికే బిళ్ల కార్యక్రమం అయిపోయింది. అమ్మమ్మ మంచం మీద వాలుతూ ఇటు చూసింది.

"ఏమిటే ఆ సంత?"

"నీ మందులు ఈ పుస్తకాల్లో వెతుకుతున్నాను అమ్మమ్మా. ఏ పుస్తకం మంచిదో నీ వల్లే తేలాలి."

"బాగుందమ్మా. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నన్ను కోసి చూడనంటే నాకేం అభ్యంతరం లేదు" అని అటు తిరిగి కళ్లు మూసుకుంది.

డబ్బాలో మొదట చేతికొచ్చింది ఆ రక్తపోటు బిళ్లల అట్ట. దాని మీద కంపెనీ పెట్టిన పేరు పెద్దక్షరాల్లో ఉంది. అసలు మందు పేరు కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. పుస్తకాల్లో ఉండేది ఆ చీమతలకాయ పేరే. తాతయ్య దగ్గరికెళ్లి కంటికి పెట్టుకునే భూతద్దం అడిగి తెచ్చుకుని మరీ చదివి, తిరిగి ఇచ్చేసింది. ఆ పేరు చివర రెండు పొట్టి అక్షరాలు తోకలా వేలాడుతున్నాయి. ఇవెందుకు?

ముందు లావు పుస్తకం తెరిచింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అది అక్షయపాత్రే. రక్తనాళాల గోడల్లో కండ ఉంటుందట, ఆ కండ బిగుసుకోవాలంటే కాల్షియం, అదే మన సున్నం, కావాలట, ఈ మందు ఆ సున్నం లోపలికొచ్చే తలుపు మూసేస్తుందట. సున్నానికీ మా అమ్మమ్మ తలనొప్పికీ సంబంధమా అని ఎందుకమ్మ ముచ్చటపడిపోయింది. అక్కడి నుంచి ఆ తలుపుల్లో ఎన్ని రకాలున్నాయో, గుండెలో ఉండేవి వేరా అని పేజీలు తిప్పుకుంటూ పోయింది. మళ్లీ టీ పెట్టుకున్న సంగతి మర్చిపోయింది, అది చల్లారిపోయింది. తోక అక్షరాల సంగతి మాత్రం ఎక్కడా తగల్లేదు. ఎక్కడో ఉండే ఉంటుంది, కొండను తవ్వే ఓపిక ఉండాలి.

జేబు పుస్తకం తెరిచింది. మందు పేరు, మోతాదు, నాలుగు పొట్టి మాటలు, మధ్యలో అడ్డంగా గీత కొట్టిన గుండ్రటి బొమ్మ ఒకటి. ఆ బొమ్మకు అర్థం ఏమిటో చూద్దామని ఆఖరి పేజీకి వెళ్లబోయి, వార్డులో పడ్డ అవస్థ గుర్తొచ్చి పక్కన పెట్టేసింది.

తీగ కుట్టు పుస్తకంలో ఆ మందు ఒక్క పేజీలోనే ఉంది. పేజీ నెత్తిన, మందు పేరు కన్నా పైన, ఎర్రగీతతో గీసిన డబ్బా లాంటి గడి ఒకటి ఉంది. దానిలో "ఇచ్చే ముందు" అని ఉంది. కింద ఇలా ఉంది: పేరు చివర ఈ రెండు అక్షరాలుంటే విరగ్గొట్టరాదు. నలపరాదు. నమలరాదు. మొత్తంగా మింగించాలి.

"ఎందుకు?" అంది ఎందుకమ్మ, అలవాటు చొప్పున, పైకే.

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకు పొద్దున విన్న చప్పుడు గుర్తుకొచ్చింది. చెంచా మీద చెంచా నొక్కుతున్న చప్పుడు.

ఎర్ర డబ్బాలో కారణం లేదు. మళ్లీ లావు పుస్తకం లాక్కుంది. ఈసారి ఏం వెతకాలో తెలుసు కాబట్టి ఏ తలుపులోకీ దూరలేదు. మందు గురించిన భాగం ముగిసే చోట, చిన్న అక్షరాల్లో దొరికింది. ఈ రకం బిళ్ల రోజంతా కొంచెం కొంచెంగా కరిగేలా తయారుచేస్తారు. నలిపితే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. పోటు అమాంతం పడిపోతుంది. ఒళ్లు తూలుతుంది, మత్తుగా ఉంటుంది, పడిపోయే ప్రమాదం ఉంది. పొద్దు వాలేసరికి మందు అయిపోయి పోటు మళ్లీ లేస్తుంది.

ఎందుకమ్మ తల ఎత్తింది. మంచం మీద అమ్మమ్మ ఆదమరిచి నిద్రపోతోంది. పక్కన స్టూలు మీద తాతయ్య కంటికి అద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక చిన్న మరమేకును బిగిస్తున్నారు. ఇన్నాళ్లూ అందరూ గుసగుసగా మాట్లాడుకుంటూ కాపలా కాసింది నిద్రకు కాదు.

ఉన్నపళాన లేచి మంచం దగ్గరికెళ్లి అమ్మమ్మ నాడి పట్టుకుంది. నాడి కొంచెం వేగంగా ఉన్నా ఒకే తీరులో నడుస్తోంది. అమ్మమ్మ కళ్లు సగం తెరిచి, "పుస్తకంలో నేను బతికే ఉన్నానని రాశారా?" అని గొణిగి మళ్లీ మూసుకుంది. ఆ ఎకసెక్కం విన్నాక ఎందుకమ్మకు కాస్త ఊపిరి ఆడింది.

ఇప్పుడు తాతయ్యకు చెప్పాలి. అదే అసలు కష్టం. ఆ చెంచా ఆయన ఎంత అపురూపంగా పట్టుకుంటారో ఆమెకు తెలుసు. చెప్పకపోతే రేపు పొద్దున మళ్లీ నలుపుతారు. ఇంత పెద్ద మోతాదు ఒక్కసారే లోపలికి పోయి, ఆవిడ ఏ మెట్ల దగ్గరో తూలి పడితే? లోపలి కొసకు రమ్మని సైగ చేసింది.

"తాతయ్యా, అమ్మమ్మ బిళ్ల నలపకూడదట."

"ఎందుకు?"

ఆ ఇంట్లో ఆ మాట ఇంకొకరి నోట వినడం ఆమెకు అదే మొదటిసారి. ఎర్ర డబ్బా చూపించింది. ఆయన చదివి, ఏమీ అర్థంకానట్టు ముఖం పెట్టారు. ఎలా చెప్పాలా అని చుట్టూ చూసింది. పనిబల్ల కనబడింది.

"కీ ఇచ్చిన గడియారంలో స్ప్రింగు రోజంతా మెల్లగా విప్పుకుంటుంది కదా తాతయ్యా. అది ఉండే డబ్బా విప్పేస్తే ఏమవుతుంది?"

"ఒక్కసారే ఎగిరిపోతుంది" అన్నారాయన. గడియారాల మనిషికి ఇంకో మాట అక్కర్లేదు. మెల్లగా మంచం వైపు తిరిగి చూశారు. "అయితే ఆ కునుకు..."

"నిద్ర కాదు తాతయ్యా."

ఆయన గట్టు మీదున్న రెండు చెంచాలూ తీసి, కడిగినవే మళ్లీ కడిగి, గుడ్డతో తుడిచి, వాటి చోటులో కాకుండా అల్మరా మీది అరలో పెట్టారు. ఎందుకమ్మకు ఏడుపొచ్చింది. ఆయన చూడకుండా ముఖం తిప్పుకుంది.

అట్ట పట్టుకుని వీధి చివరి మందుల షాపుకు పరిగెత్తింది. పుస్తకం చదివినంత మాత్రాన మందు ఆపడం, మార్చడం తన పని కాదని తెలిసేంత చదువు అప్పటికే అయింది. షాపాయన విని, "నలుపుతున్నామని మీరు మాకు చెప్పలేదు కదమ్మా" అన్నాడు. మీరు అడగలేదు కదా అన్న మాట ఎందుకమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇంట్లో ఉండి, రోజూ చూస్తూ, తను మాత్రం అడిగిందా? లోకంలో ఉన్నవన్నీ ఎందుకని అడిగిన మనిషి, అమ్మమ్మ పొద్దున్నే ఎందుకు పడుకుంటుందని ఒక్కసారీ అడగలేదు. ఆయన అక్కడి నుంచే డాక్టరుకు ఫోను కలిపాడు. డాక్టరు నలపడం అన్న మాట వినగానే, ఇవాళ ఆవిడను ఒంటరిగా లేవనివ్వొద్దని, మగత ఏమాత్రం ఎక్కువైనా వెంటనే ఆసుపత్రికి తేవాలని చెప్పారు. రేపు పొద్దున బిళ్ల వెయ్యకుండానే తీసుకురండి, మింగలేనివాళ్లకు వేరే దారులున్నాయి, చూసి రాస్తాను అన్నారు.

సోమవారం పొద్దున వాళ్లిద్దరూ డాక్టరు దగ్గరికి బయల్దేరారు, ఎందుకమ్మ వార్డుకు బయల్దేరింది. వాళ్లతో వెళ్తానని పట్టుబట్టింది. "నీ పరీక్షకు నువ్వు పోవే, నా పరీక్షకు నేను పోతాను" అని అమ్మమ్మ తోలేసింది.

పెద్ద సిస్టర్ ట్రేలోంచి ఒక గొట్టం మాత్ర తీసి ఆమె చేతిలో పెట్టారు. కడుపులో మంటకు వాడే మందు. తొందర పక్కనే నిలబడి, పుస్తకం తెరవమని కళ్లతో తొందరపెడుతోంది. ఎందుకమ్మ తీగ కుట్టు పుస్తకాన్ని చంకలోంచి తీయనైనా లేదు.

"ఏ మంచం సిస్టర్?"

సిస్టర్ చూపించారు. కిటికీ పక్క మంచం. నెరిసిన జుట్టావిడ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎందుకమ్మ వెళ్లి పక్కన నిలబడింది.

"అమ్మా, ఇంట్లో ఇలాంటి మాత్రలు ఎలా వేసుకుంటారు?"

ఆ ప్రశ్న తననెవరూ ఎప్పుడూ అడగనట్టు ఆవిడ కాస్త ఆశ్చర్యపోయింది. "గొంతులో అతుక్కుంటుందమ్మా. అందుకని గొట్టం విప్పి, లోపలి పొడి నీళ్లలో కలుపుకుని, చెంచాతో బాగా చిదిపి తాగేస్తాను."

అప్పుడు పుస్తకం తెరిచింది. ఎర్ర డబ్బా చదివింది. "ఇది పరగడుపున ఇవ్వాలి సిస్టర్. లోపలి గుళికలు చిదపకూడదు, నమలకూడదు. ఈవిడ రోజూ చిదిపే తాగుతున్నారు. అందుకని ఇవ్వకుండా ముందు మీకు చెప్తున్నాను. ఈవిడకు ఎలా ఇవ్వాలో డాక్టర్ గారిని అడగాలి."

సిస్టర్ ఆ మాత్రను వెనక్కి తీసుకున్నారు. "చిదిపితే ఏమవుతుంది? ఎందుకో చెప్పనే లేదే? నువ్వేనా?"

"ఆ ఎందుకు ఇంకో పుస్తకంలో ఉంది సిస్టర్. చదివి రేపు చెప్తాను."

"రేపు నేను అడగకపోయినా చెప్తావు, నాకు తెలుసు" అన్నారు సిస్టర్. అని మందుల ట్రే ఎత్తి ఆమె చేతుల్లో పెట్టారు. తొందర వెనక నుంచి వీపు మీద ఒక్కటి చరిచింది. ట్రే ఒలకబోతే సిస్టరే పట్టుకున్నారు.

మధ్యాహ్నం నోటీసు బోర్డు దగ్గరికెళ్లి, తన పేరుకెదురుగా తీగ కుట్టు పుస్తకమని రాసింది. తప్పు చెయ్యబోయే చేతిని ఆపేది అదే. రాశాక లైబ్రరీకి వెళ్లి, లావు పుస్తకం ప్రతి శనివారం తనకే ఇవ్వాలని లైబ్రరీ ఆవిడ దగ్గర మాట తీసుకుంది. సున్నం తలుపుల సంగతి ఇంకా సగంలోనే ఉంది మరి.

ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని, కిటికీలోంచి వీధిలో పోయేవాళ్లందరి మీదా వ్యాఖ్యానం చెప్తోంది. బిళ్లకు బదులు తాగే మందు రాసిచ్చారు డాక్టరు. దానితోపాటు గీతలున్న చిన్న మూత కప్పు కూడా ఉంది. వారం పాటు పొద్దునా సాయంత్రమూ పోటు చూపించమన్నారు. తాతయ్య పనిబల్ల దగ్గర ఉన్నారు కానీ పని చేయడం లేదు. స్టూలు మంచం పక్కన లేదు, బల్ల కింద ఉంది. ఎందుకమ్మ ట్రే కబురు చెబితే నవ్వారు, కానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

ఎందుకమ్మ ఆ కప్పు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "తాతయ్యా, దీన్ని చేతిలో పట్టుకుని పైనుంచి చూస్తే గీత తప్పు కనబడుతుంది. బల్ల మీద పెట్టి, కంటికి సమానంగా వంగి చూడాలి. కొంచెం ఎక్కువైనా, తక్కువైనా తేడా వస్తుంది. నేను పొద్దున్నే వార్డుకు పోతాను. ఎవరు పోస్తారు?"

ఆయన కప్పును వెలుతురుకు పెట్టి, గీతల్ని ఒక్కొక్కటే చూశారు. తర్వాత అలవాటుగా కంటికి అద్దం తగిలించుకుని మళ్లీ చూశారు. అద్దం తీయకుండానే, తల ఎత్తకుండానే అన్నారు.

"ఇన్నాళ్లూ నా చేత్తో నేనే మీ అమ్మమ్మను పడగొట్టానన్నమాట."

ఏ పుస్తకంలోనూ దానికి జవాబు లేదు.

అమ్మమ్మ కిటికీ వైపు నుంచి తల తిప్పింది.

"పడగొట్టింది మీరే. నేను లేచేదాకా కదలకుండా పక్కన కూర్చున్నదీ మీరే. మీరు కూర్చున్నారని నాకు కళ్లు మూసుకున్నా తెలిసేది" అంది. బల్ల కిందికి చూస్తూ, "ఏవండీ, ఇప్పుడు నేను మెలకువగానే ఉన్నాను కదా అని ఆ స్టూలు అక్కడే వదిలేస్తారా ఏం?" అంది.

తాతయ్య అద్దం తీసి, బల్ల కిందికి వంగి, స్టూలు బయటికి లాగారు.